హుస్క్‌వర్నా పొడి: తలనొప్పి గోళీల వెనక పనివాళ్ళ చరిత్ర



ఈ వారం ఆడియోలో ఒంటి తలనొప్పి గురించి మాట్లాడుకున్నాం. డాక్టర్లు దాన్నే మైగ్రేన్ అంటారు. టైం చాలక గోళీల చరిత్ర సగంలో ఆగిపోయింది. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్‌ను కాను, ఐటీఐ చదివి దుబాయ్ పక్కన బిల్డింగ్ పనుల్లో సూపర్‌వైజర్‌గా చేస్తున్నవాణ్ణి. ఎవరికి ఏ మందు పడుతుందో చెప్పడం నా పని కాదు, అది డాక్టర్ చెప్పాలి. వందేళ్ళుగా మనలాంటి పనివాళ్ళు తలనొప్పి గోళీలను ఎలా వాడారు, వాళ్ళకు ఏం జరిగింది అన్నది మాత్రం నేను చెప్పగలను. ఈ మందుల గురించి మనిషి నేర్చుకున్న పెద్ద పాఠాల్లో చాలావరకు ఫ్యాక్టరీ పనివాళ్ళ ఒంటి మీదే నేర్చుకున్నారు.

పేరు పాతది, నొప్పి ఇంకా పాతది

మన ఊళ్ళలో దీన్ని ఒంటి తలనొప్పి, పార్శ్వనొప్పి, సగం తలనొప్పి అంటారు. ఆయుర్వేదంలో సుశ్రుతుడి కాలం నుంచి అర్ధావభేదకం అనే పేరుంది. అంటే సగం తలను చీల్చినట్టుండే నొప్పి. రోమ్ సామ్రాజ్యంలో వైద్యం చేసిన గాలెన్ గ్రీకులో 'సగం తల' అని అర్థం వచ్చే హెమిక్రేనియా అన్నాడు. ఆ మాటే నోళ్ళలో అరిగి అరిగి మైగ్రేన్ అయింది. ఒకరినొకరు ఎరగని రెండు దేశాల వైద్యులు ఒకే నొప్పికి ఒకే రకం పేరు పెట్టారు.

మామూలు తలనొప్పికి, దీనికి తేడా ఉంది. ఎక్కువగా ఒక పక్కనే వస్తుంది, నాడి కొట్టుకున్నట్టు పోటు పెడుతుంది. కడుపులో తిప్పుతుంది, వాంతి అవుతుంది. వెలుతురు, చప్పుడు ఓర్చుకోలేరు. మందు వేసుకోకపోతే 4 గంటల నుంచి 72 గంటల దాకా ఉంటుంది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో దాదాపు మూడింతలు ఎక్కువ. ఎండ, వెల్డింగ్ వెలుగు, గ్రైండర్ మోత, నిద్ర చాలకపోవడం, టైంకు తినకపోవడం, ఇవన్నీ దాన్ని లేపుతాయి. సైట్ మీద ఇందులో లేనిది ఏదో మీరే చెప్పండి.

తలనొప్పి మందు అనగానే మనకు ముందు గుర్తొచ్చేది అమృతాంజనం. దాన్ని తయారుచేసింది వలస పోయిన తెలుగువాడే. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు బతుకుదెరువుకు కలకత్తా, బొంబాయి తిరిగి, 1893లో బొంబాయిలో ఆ కంపెనీ పెట్టారు. సంగీత కచేరీల్లో ఊరికే పంచి జనానికి అలవాటు చేశారని చెప్తారు. ఆంధ్ర పత్రికను 1908లో మొదలుపెట్టింది కూడా ఆయనే, అదీ బొంబాయిలోనే. ఈ రోజుకీ మన పెట్టెల్లో ఊరగాయ పక్కన ఆ పసుపు సీసా ఉంటుంది. అయితే అది పైపూత. కడుపులోకి పోయే మందుల కథ వేరు.

రంగుల ఫ్యాక్టరీ నుంచి మందుల షాపుకు

1880ల్లో జర్మనీలో బట్టల రంగులు చేసే కంపెనీలు బొగ్గు తారు నుంచి రకరకాల రసాయనాలు తీసేవి. వాటిలో కొన్ని జ్వరాన్ని, నొప్పిని తగ్గిస్తాయని బయటపడింది. 1884లో యాంటీపైరిన్ వచ్చింది. దీనికే ఫెనాజోన్ అని ఇంకో పేరు. 1887లో బేయర్ కంపెనీ ఫెనాసెటిన్ తెచ్చింది. రంగుల తయారీలో మిగిలిపోయి గుట్టలుగా పడి ఉన్న ఒక వ్యర్థం నుంచి దాన్ని చేశారు. 1899లో ఆస్పిరిన్ అదే కంపెనీ నుంచి వచ్చింది.

ఫెనాసెటిన్ నొప్పికి బాగా పనిచేసేది, కడుపులో మంట పెట్టేది కాదు. అది ఒంట్లోకి వెళ్ళాక ఎక్కువ భాగం పారాసెటమాల్‌గా మారుతుందని అమెరికాలో బ్రోడీ, ఆక్సెల్‌రాడ్ అనే ఇద్దరు 1940ల చివర్లో తేల్చారు. ఇప్పుడు మనం వేసుకునే పారాసెటమాల్‌కు అంత పేరు రావడం అక్కడే మొదలైంది. కానీ అప్పటికే అరవై ఏళ్ళుగా జనం ఫెనాసెటిన్‌నే తింటున్నారు. అదీ ఒంటరిగా కాదు. ఇంకో నొప్పి మందు, దాంతో పాటు కెఫీన్ కలిపిన పొడిగా, గోళీగా తిన్నారు. కెఫీన్ అంటే టీ, కాఫీలో ఉండేదే. మూడు కలిస్తే నొప్పి పోతుంది, ఒంట్లో హుషారు కూడా వస్తుంది. పనివాడికి అంతకంటే ఏం కావాలి?

పొడి తిన్న ఊరు

సైట్‌లో కాంక్రీటు కోసే మిషన్ మీద, చెట్లు కోసే చెయిన్ సా మీద హుస్క్‌వర్నా అనే పేరు మీలో చాలామంది చూసే ఉంటారు. అది స్వీడన్ దక్షిణాన, ఒక పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న చిన్న ఊరు. 1689లో అక్కడ రాజుగారి తుపాకుల ఫ్యాక్టరీ మొదలైంది. తర్వాత కుట్టు మిషన్లు, మోటార్ సైకిళ్ళు చేశారు. ఊరి బతుకంతా ఫ్యాక్టరీ చుట్టూనే.

1918లో ప్రపంచమంతా ఇన్‌ఫ్లుయెంజా వచ్చి కోట్ల మందిని మింగింది. మన దేశంలోనూ ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయిన సంవత్సరం అది. హుస్క్‌వర్నాలో యోర్టన్ అనే డాక్టర్ జ్వరానికి, ఒళ్ళు నొప్పులకు ఒక పొడి రాసిచ్చాడు. అందులో ఫెనాసెటిన్, ఫెనాజోన్, కెఫీన్ ఉన్నాయి. జ్వరాలు పోయాయి, పొడి మాత్రం ఊళ్ళోనే ఉండిపోయింది. డాక్టర్ పేరు మీదే యోర్టన్ పొడి అన్నారు.

ఫ్యాక్టరీలో పనివాళ్ళు దాన్ని తలనొప్పికి వేసుకున్నారు. తర్వాత తలనొప్పి రాకుండా వేసుకున్నారు. ఆ తర్వాత పొద్దున పని మొదలుపెట్టే ముందు, చేతులు చురుగ్గా ఆడాలని వేసుకున్నారు. అది తింటే పని ఎక్కువ చేయగలమని వాళ్ళ నమ్మకం. తోటి పనివాడు అలసిపోయినట్టు కనిపిస్తే ఒక పొడి పొట్లం చేతిలో పెట్టేవాళ్ళు. పుట్టినరోజుకు పొడి డబ్బాను చక్కగా కట్టి బహుమతిగా ఇచ్చిన ఇళ్ళు కూడా ఉన్నాయి. ఏళ్ళ తరబడి రోజూ తిన్నవాళ్ళు ఆ ఊళ్ళో వందల్లో ఉన్నారు.

తర్వాత కిడ్నీలు పోయి మనుషులు చనిపోవడం మొదలైంది. 1963లో కుర్ట్ గ్రిమ్‌లుండ్ అనే డాక్టర్ ఆ ఫ్యాక్టరీ పనివాళ్ళ వివరాలు రాసి బయటపెట్టాడు. ఫ్యాక్టరీలే ఉన్న ఫాగెర్‌స్టా అనే ఇంకో ఊరితో పోల్చి చూస్తే, హుస్క్‌వర్నాలో ఫెనాసెటిన్ వాడకం ఎన్నో రెట్లు ఎక్కువ, కిడ్నీ చావులూ ఎక్కువే. తేడా పొడిలో ఉంది. మూత్రపు దారిలో క్యాన్సర్ కూడా ఈ మందు తిన్నవాళ్ళలో ఎక్కువని స్వీడన్ డాక్టర్లే 1965లో గమనించారు. ఫెనాసెటిన్‌ను చీటీ లేకుండా అమ్మకూడదని స్వీడన్ 1961లోనే ఆపేసింది.

ఈ జబ్బులో దొంగదెబ్బ ఏంటంటే, కిడ్నీ లోపల మూత్రం కారే చివరలు కొద్దికొద్దిగా చచ్చిపోతూ ఉంటే మనిషికి నొప్పే తెలియదు. తెలిసేటప్పటికి సగానికి పైగా పోయి ఉంటుంది. నొప్పి తగ్గించే మందు తింటున్నాం కాబట్టి ఒంట్లో ఏం జరుగుతున్నా మనకు బాగున్నట్టే ఉంటుంది.

గడియారాలు చేసినవాళ్ళు, ఇల్లు చూసుకున్నవాళ్ళు

హుస్క్‌వర్నా ఒక్కటే కాదు. స్విట్జర్లాండ్‌లో గడియారాల ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ళు రోజంతా కళ్ళు చికిలించి చిన్న చిన్న పళ్ళ చక్రాలు బిగించేవాళ్ళు. చేసిన పీసును బట్టి కూలి. తలనొప్పి వస్తే లేచి పోతే డబ్బు పోతుంది, గోళీ వేసుకుంటే పోదు. కిడ్నీలకు, ఈ గోళీలకు సంబంధం ఉందని మొట్టమొదట గట్టిగా రాసింది కూడా స్విస్ డాక్టర్లే. జ్యూరిక్‌లో ష్ప్యూలర్, జోలింగర్ అనే ఇద్దరు 1953లో రాశారు.

అయినా నమ్మనివాళ్ళు చాలామంది. అప్పుడు బాసెల్‌లో దూబాఖ్ అనే డాక్టర్ 1968లో ఒక పని మొదలుపెట్టాడు. ఫ్యాక్టరీలకు వెళ్ళి పనిచేసే ఆడవాళ్ళ మూత్రం పరీక్ష చేశాడు. ఫెనాసెటిన్ ఎక్కువగా తింటున్నారని తేలిన 600 మందికి పైగా ఒక గుంపు, తినని అంతే మంది ఇంకో గుంపు. అందరూ 30 నుంచి 49 ఏళ్ళవాళ్ళు, చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే. వాళ్ళను 20 ఏళ్ళు వెంటబడి చూశాడు. 1991లో ఫలితం వచ్చింది. తిన్నవాళ్ళలో కిడ్నీ జబ్బుల చావులే కాదు, బీపీ, గుండె జబ్బు చావులు కూడా ఎక్కువ. తల కోసం తిన్న గోళీ లెక్క గుండె దగ్గర తేలింది.

ఆస్ట్రేలియాలో బెక్స్, విన్సెంట్స్ అనే పొడులు ఉండేవి. ఆస్పిరిన్, ఫెనాసెటిన్, కెఫీన్ కలిపినవి. కిరాణా కొట్లో దొరికేవి. ఇంటిపని చేసుకునే ఆడవాళ్ళు టీతో పాటు రోజూ వేసుకునేవాళ్ళు. ఒకప్పుడు ఆ దేశంలో డయాలిసిస్ మీదకు వచ్చినవాళ్ళలో దాదాపు ఐదో వంతు ఈ పొడుల వల్లే వచ్చారు. మెల్‌బోర్న్‌లో ప్రిసిల్లా కింకెయిడ్ స్మిత్ అనే డాక్టరమ్మ దీని మీద ఏళ్ళ తరబడి గొంతెత్తింది. 1970ల చివరికి ఆ పొడుల నుంచి ఫెనాసెటిన్ పోయింది, కలిపిన గోళీలు ఊరికే అమ్మడమూ ఆగింది. ఆ తర్వాత కొత్త కేసులు తగ్గుతూ వచ్చాయి. ఫెనాసెటిన్‌ను అమెరికా, మన దేశం రెండూ 1983లో ఆపేశాయి.

గోళీయే తెచ్చే తలనొప్పి

ఫెనాసెటిన్ పోయింది కదా, మనకేం భయం అనుకోవద్దు. ఈ చరిత్రలో రెండో పాఠం ఇప్పటి గోళీలకు కూడా వర్తిస్తుంది.

హుస్క్‌వర్నా పనివాళ్ళకు రోజూ ఎందుకు తలనొప్పి వచ్చేది? ఒక కారణం కెఫీన్. రోజూ అలవాటైన ఒంటికి ఒక పూట కెఫీన్ అందకపోతే తలనొప్పి వస్తుంది. ఇంకో పొడి వేసుకుంటే పోతుంది. దాంతో మనిషి, 'చూశావా, ఇది లేకపోతే నాకు కుదరదు' అంటాడు.

మైగ్రేన్‌కు వాడిన పాత మందు ఎర్గోటమిన్‌ది కూడా ఇదే కథ. రై అనే ధాన్యం కంకులకు పట్టే నల్ల బూజు నుంచి దాన్ని తీశారు. పాత కాలంలో యూరప్‌లో ఆ బూజు పట్టిన రొట్టె తిని కాళ్ళు చేతులు నల్లబడి రాలిపోయి మనుషులు చచ్చిపోయేవాళ్ళు. దాని నుంచే 1918లో స్విట్జర్లాండ్‌లో ఆర్థర్ స్టోల్ ఎర్గోటమిన్ వేరుచేశాడు. 1920ల మధ్యలో మైగ్రేన్‌కు వాడటం మొదలైంది. రక్తనాళాలను బిగించి నొప్పి తగ్గిస్తుంది. 1951లో అమెరికాలో మేయో క్లినిక్ డాక్టర్లు పీటర్స్, హార్టన్ ఒక సంగతి రాశారు. ఆ మందు ఎక్కువగా తినేవాళ్ళకు తలనొప్పి దాదాపు రోజూ వస్తోంది, మందు ఆపితే మొదట కొన్ని రోజులు నరకం, తర్వాత తగ్గుతోంది. 1982లో లీ కుడ్రో అనే డాక్టర్ మామూలు నొప్పి గోళీల్లోనూ అదే చూశాడు.

ఇప్పుడు దీనికి ప్రపంచమంతా ఒప్పుకున్న లెక్క ఉంది. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ లాంటి ఒంటి మందులు నెలలో 15 రోజులు, రెండు మూడు మందులు కలిపిన గోళీలు, మైగ్రేన్ ప్రత్యేక గోళీలు, కోడీన్, ట్రమడాల్ లాంటివి నెలలో 10 రోజులు, ఇలా మూడు నెలలకు పైగా సాగితే గోళీయే తలనొప్పి తెస్తుంది. ఎన్ని గోళీలు అన్నది కాదు, ఎన్ని రోజులు అన్నది లెక్క. మనవాళ్ళు ఊరి నుంచి తెచ్చుకునే సారిడాన్‌లో పారాసెటమాల్, ప్రొపీఫెనాజోన్, కెఫీన్ మూడూ ఉన్నాయి, కాబట్టి అది 10 రోజుల లెక్కలోకి వస్తుంది. 2018లో కేంద్రం 328 మిశ్రమ మందులను నిషేధించినప్పుడు ఆ లిస్టులో సారిడాన్ కూడా ఉంది. కంపెనీ సుప్రీంకోర్టుకు వెళ్ళి 2019లో మినహాయింపు తెచ్చుకుంది.

మైగ్రేన్ ఒంటరిగా రాదు

మూడో పాఠం పక్క జబ్బుల గురించి. మైగ్రేన్ ఉన్నవాళ్ళలో దిగులు, ఆందోళన, నిద్ర పట్టకపోవడం మిగతావాళ్ళకంటే ఎక్కువ. నొప్పికి ముందు కళ్ళ ముందు మెరుపులు, వంకర గీతలు కనిపించే రకం మైగ్రేన్ ఉన్నవాళ్ళకు పక్షవాతం ముప్పు కొంచెం ఎక్కువ. సిగరెట్ తాగితే అది ఇంకా పెరుగుతుంది. అందుకే డాక్టర్ తల గురించి అడగకుండా గుండె, బీపీ, ఉబ్బసం అడిగితే విసుక్కోవద్దు.

ప్రొప్రనలాల్ సంగతే చూడండి. అది గుండె నొప్పి మందు. 1966లో గుండె కోసం వాడుతున్నప్పుడు మైగ్రేన్ కూడా తగ్గుతోందని అనుకోకుండా బయటపడింది. ఇప్పుడు మైగ్రేన్ రాకుండా రోజూ వేసుకునే మందుల్లో అది ఒకటి. బీపీ కూడా ఉన్నవాడికి ఒక గోళీతో రెండు పనులు. కానీ ఉబ్బసం ఉన్నవాడు అదే వేసుకుంటే ఊపిరి ఆడక ప్రాణం మీదకు వస్తుంది. 1991లో వచ్చిన సుమాట్రిప్టాన్ మైగ్రేన్‌కు చాలా గొప్ప మందు, కానీ గుండె జబ్బు ఉన్నవాళ్ళకు, గతంలో పక్షవాతం వచ్చినవాళ్ళకు అది కూడదు. ఫ్లూనరిజిన్, అమిట్రిప్టిలిన్ నిద్ర తెస్తాయి. పరంజా ఎక్కేవాడు, క్రేన్ నడిపేవాడు నేనేం పని చేస్తానో డాక్టర్‌కు చెప్పి తీరాలి. పక్క బెడ్ అన్నకు పడిన గోళీ మనకు పడకపోవడానికి కారణం ఇదే.

మన సైట్‌లో

ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని చట్టం. మిగతా గంటల్లో కూడా ఒళ్ళు ఎండిపోతుంది. ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం పోయే దారులు తెరిచి ఉంచడానికి శరీరం కొన్ని రసాయనాలు వదులుతుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి గోళీలు ఆ రసాయనాలనే ఆపేస్తాయి. ఎండలో నీళ్ళు తాగకుండా ఆ గోళీ వేసుకుని మళ్ళీ పనికి దిగితే కిడ్నీకి రెండు వైపుల నుంచి దెబ్బ. శ్రీకాకుళం ఉద్దానం నుంచి వచ్చిన తమ్ముళ్ళు, ఇంట్లో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ఈ మాట ఇంకా గట్టిగా పట్టించుకోవాలి. క్రియాటినిన్ అనే రక్త పరీక్ష ఏడాదికోసారి చేయించుకోండి.

జేబులో గోళీల అట్ట పెట్టుకుని అడిగినవాడికల్లా ఇచ్చే ఫోర్‌మన్‌కు మంచివాడని పేరు. నిజంగా మంచి మనసుతోనే ఇస్తాడు. హుస్క్‌వర్నాలో పుట్టినరోజుకు పొడి ఇచ్చినవాళ్ళు కూడా మంచివాళ్ళే. ఆ అలవాటు ఊరంతా పాకింది ఆ మంచితనం మీదే, దాని వెనక కూలి పోతుందన్న భయం కూడా ఉంది. మా గ్యాంగ్‌లో నేను పెట్టిన పద్ధతి చిన్నది: తలనొప్పి అన్నవాడికి ముందు నీడ, నీళ్ళు, అరగంట. తగ్గకపోతే క్లినిక్. అరగంట పోతే స్లాబ్ ఆగిపోదు.

ఇంకో నాలుగు మాటలు. గోళీ వేసుకున్న రోజు రూమ్‌లో క్యాలెండర్ మీద ఒక గీత పెట్టండి. నెలకు 8 గీతలు దాటుతుంటే ఆ క్యాలెండర్‌నే ఫోటో తీసి డాక్టర్‌కు చూపించండి. రోజూ తినే అలవాటైపోతే మీకు మీరే ఆపకండి, డాక్టర్ చెప్పినట్టు ఆపండి. జలుబు గోళీల్లో కూడా పారాసెటమాల్ ఉంటుంది, రెండూ కలిపి వేసుకుంటే లివర్‌కు దెబ్బ.

ఊరి నుంచి గోళీలు తెచ్చేటప్పుడు డాక్టర్ చీటీ, అట్ట మీద పేరు ఉండాలి. ట్రమడాల్, కోడీన్ ఉన్నవి యూఏఈలో కంట్రోల్ మందులు. ప్రభుత్వ పర్మిషన్ ముందే తీసుకోకుండా తెస్తే కేసు అవుతుంది. ఎవరో ఇచ్చిన పార్సిల్‌లో కత్తిరించిన అట్ట ముక్కలుంటే తీసుకోవద్దు.

ఒక్కసారిగా పిడుగు పడ్డట్టు వచ్చిన నొప్పి, జ్వరంతో మెడ పట్టేయడం, మూతి వంకర పోవడం, ఒక చెయ్యి కాలు పడిపోవడం, మాట తడబడటం, తలకు దెబ్బ తగిలాక నొప్పి, ఎండలో తలనొప్పితో పాటు మనిషి తికమకగా మాట్లాడటం, వీటికి గోళీ వెతకొద్దు, అంబులెన్స్‌కు ఫోన్ చేయండి.

వచ్చే వారం నిద్ర గురించి, నైట్ షిఫ్ట్ గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా మీ క్యాలెండర్ మీద గీతలు ఎన్ని వచ్చాయో లెక్క పెట్టి ఉంచండి.